చల్లకుండ కింద కుదురు

మా అత్తయ్య పెద్దకర్మకు అమ్మమ్మగారి ఊరు వెళ్లి వచ్చి వారం దాటింది గాని, ఆ ఇంటి సామానుగదిలో ముక్కుకు తగిలిన ఎండుగడ్డి వాసన నన్ను ఇంకా వదలలేదు. వంటలకు పెద్ద గిన్నెలు కావాలంటే దించడానికి లోపలికి వెళ్లాను. అటక మీద గుండిగల వెనక, దుమ్ము పట్టి, ఒక పక్క ఎలుకలు కొరికిన పాత కుదురు కనిపించింది. ఎండుగడ్డిని పురి పేని, గుండ్రంగా చుట్టి, పైన పాతచీర పీలికతో బిగించిన కుదురు అది. అడుగు గుండ్రంగా ఉండే చల్లకుండ నేల మీద దొర్లిపోకుండా దాని మీదే కూర్చునేది. దాన్ని చేతిలోకి తీసుకున్నాక గిన్నెల సంగతి మరిచిపోయి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నాకు తెలిసిన ధైర్యపు మాటలన్నీ ఆ ఇంట్లోనే విన్నాను. ఊరట, నిబ్బరం, దిటవు, తెరిపి, సేద తీరడం, తెప్పరిల్లడం, మనసు కుదుటపడటం అనే మాటలు నాకు నిఘంటువులో కాక, మా అమ్మమ్మ గొంతులోను, చేతుల్లోను పరిచయమయ్యాయి. అందుకే వాటిని తలచుకున్నప్పుడల్లా అర్థం కంటే ముందు ఒక చప్పుడో, ఒక స్పర్శో గుర్తుకొస్తుంది.

మా ఊరు దివిసీమలో సముద్రానికి దూరంగా, లోపలికి ఉంటుంది. నాన్నగారికి తరచూ బదిలీలు అవుతుండటంతో నా చదువు చెడకూడదని నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచారు. తెల్లవారుజామున కవ్వం చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. మొదట పలచగా, తొందరగా వినిపించే ఆ చప్పుడు వెన్న పడే వేళకు నెమ్మదించి బరువెక్కేది. అమ్మమ్మ కుండలోకి చూడకుండానే ఆ మార్పును బట్టి తాడు లాగడం ఆపేది. కడుపులో చల్ల కదలకుండా బతకడమని పెద్దవాళ్లు ఎవరి గురించో అనుకుంటుంటే, ఆ చల్ల మా కుండలోని చల్లేనని చాలాకాలం నమ్మాను. తెప్పరిల్లడమంటే కూడా మునిగిపోతున్నవాడికి తెప్ప దొరకడమని నా ఊహ. అది పండితులు ఒప్పుకునే వ్యుత్పత్తి కాకపోవచ్చు గాని, కృష్ణ పాయల మధ్య పెరిగిన పిల్లకు ఆ మాట మరోలా తోచే వీలు లేదు.

*

ఆ రోజుల్లో మా వీధిలోకి తంతి వచ్చిందంటే ఆడవాళ్ల చేతుల్లో పని ఎక్కడిదక్కడ ఆగిపోయేది. మంచి వార్త ఉత్తరంలో నిదానంగా వస్తుందని, తంతి పట్టుకొచ్చేది చావుకబురేనని అందరికీ ఒక నమ్మకం. మా పోస్టుమాన్ గారికి ఆ భయం బాగా తెలుసు. తంతిలో ఉన్నది చెడువార్త కాకపోతే ఆయన సైకిలు మా వీధి మలుపు తిరుగుతూనే, గంట కొట్టడం మానేసి, నోరారా అరిచేవాడు.

“మంచి కబురేనమ్మో! మంచి కబురే!”

ఆ కేకకు ముందు వీధంతా ఊపిరి బిగబట్టేది. కేక విన్న తరవాత ప్రతి గుమ్మంలోనూ ఒక “హమ్మయ్య” వినిపించేది. మా చిన్నమామయ్యకు ఉద్యోగం వచ్చిందని తంతి వచ్చిన రోజున అమ్మమ్మ ముందు ఉద్యోగం గురించి అడగలేదు. అరుగు మీద కూలబడి, గుండెల మీద చెయ్యి వేసుకుని, “పోయిన ప్రాణం లేచొచ్చింది నాయనా” అని, ఆయనకు చెంబుతో మజ్జిగ ఇచ్చింది. ఆయన ఆ మజ్జిగ తాగి మూతి తుడుచుకుంటూ, “నాకు మాత్రం ప్రాణం కాదా అమ్మా, చెడుకబురు తెచ్చిన రోజున నేను మీ వీధిలోకి సైకిలు దిగి నడిచే వస్తాను” అన్నాడు. అవును, ఆయన సైకిలు నడిపించుకుంటూ రావడం నేను రెండుసార్లు చూశాను. 2013 జూలైలో దేశంలో తంతి సేవ ఆగిపోయిందని చదివినప్పుడు నాకు కాగితం కంటే ముందు ఆ కేకే చెవుల్లో మోగింది. ఇప్పుడు అన్ని కబుర్లూ ఒకే మోతతో ఫోనులోకి వచ్చి పడుతున్నాయి. మనిషిని సిద్ధం చేసి కబురు అందించే ఆ మర్యాద పోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

*

ఉరుములు మొదలైతే అమ్మమ్మ పిల్లలందరినీ నడవలో గోడవారగా కూర్చోబెట్టి అర్జునుడి పేర్లు చెప్పించేది. తెలుగునాట పిల్లలందరూ “అర్జున ఫల్గుణ పార్థ కిరీటి శ్వేతవాహన బీభత్సు విజయ కృష్ణ సవ్యసాచి ధనంజయ” అంటారు. అమ్మమ్మ మాత్రం కిరీటిని నాలుగో చోటినుంచి తీసి చివర పెట్టి, “ధనంజయ, కిరీటీ” అంటూ ఆ చివరి దీర్ఘాన్ని ఉరుము సద్దుమణిగేదాకా సాగదీసేది. వరస తప్పని తాతయ్య చెప్పినా ఆమె మార్చుకోలేదు. కిరీటం తల మీద చివరనే కదా పెట్టేది అని ఆమె జవాబు.

ఆ పేర్లకూ భయానికీ ఉన్న సంబంధం మాకు తరవాత బళ్లో తెలుగు మాస్టారు చెప్పారు. విరాటపర్వంలో ఉత్తరకుమారుడు కౌరవసేనను చూడగానే వణికిపోయి, రథం మీదినుంచి దూకి పారిపోతాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటబడి పట్టుకుని, మళ్లీ రథమెక్కించి, జమ్మిచెట్టు దగ్గరికి తీసుకువెళ్లి తానెవరో చెబుతాడు. నువ్వు అర్జునుడివే అయితే నీ పది పేర్లూ వాటి కారణాలూ చెప్పమని ఉత్తరుడు అడిగితే, ఒక్కొక్క పేరూ ఎలా వచ్చిందో వివరిస్తాడు. పదో పేరు పూర్తయ్యేసరికి కుర్రవాడికి భయం పోతుంది. మాస్టారు పాఠం చెప్పి వదిలేసినా నాకు ఒక విషయం మాత్రం బాగా పట్టుకుంది. అర్జునుడు అతన్ని భయపడవద్దని ఊరికే చెప్పి ఊరుకోలేదు. పక్కన ఉన్నది ఎవరో తెలియజెప్పాడు. అమ్మమ్మ కూడా అంతే. రాత్రి పీడకల వచ్చి లేచి ఏడిస్తే, ముఖాన నీళ్లు చిలకరించి, గుండె నిమిరి, “నేనున్నానుగా” అనేది. దడుపు జ్వరం తగిలితే తలగడ కింద ఇనుప అట్లకాడ పెట్టేది. అట్లకాడ వల్ల జ్వరం తగ్గిందో లేదో చెప్పలేను గాని, తలగడ కిందికి చెయ్యి పెట్టి ఆ చల్లటి ఇనుమును తడుముకుంటే నిద్ర పట్టడం మాత్రం నాకు స్పష్టంగా గుర్తుంది.

*

1977 నవంబరు 19 ఉప్పెన మా సీమను ఏం చేసిందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. సర్కారు లెక్కలోనే పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇంటికి ఒకరిద్దరు కూడా మిగలని కుటుంబాలు ఉన్నాయి. మా ఊరికి నీరు రాలేదు, గాలి మాత్రం వచ్చింది. పెంకులు ఎగిరిపోతుంటే తాతయ్యా, మామయ్యా రుబ్బురోలు దొర్లించి తలుపుకు అడ్డం పెట్టారు. అమ్మమ్మ మా చేత ఆ రాత్రంతా పది పేర్లూ చెప్పిస్తూనే ఉంది. చివరికి గొంతులు పోయి పెదవులు మాత్రమే కదిలాయి.

అత్తయ్య అప్పటికి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమె పుట్టిల్లు సముద్రం వైపు ఊరు. చెట్లు పడి దారులు మూసుకుపోవడంతో మామయ్య నడుచుకుంటూ వెళ్లి, నాలుగో రోజు సాయంత్రానికి తిరిగి వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా అరుగు మీద కూర్చుని కాళ్లకు అంటిన బురద గీకుతూ ఉండిపోయాడు. అత్తయ్య గుమ్మంలోకి వచ్చి ఆయనను చూసి, ఏమీ అడగకుండానే లోపలికి వెళ్లిపోయింది.

తరవాత రోజుల్లో పరామర్శకు వచ్చిన వాళ్లందరూ ఆమె వీపు మీద చెయ్యి వేసి “ఊరుకో తల్లీ, ఊరుకో” అన్నారు. గుండె రాయి చేసుకోమన్నారు. ఎప్పుడూ అందరినీ ఊరడించే అమ్మమ్మ ఆ వారమంతా ఒక్క ఓదార్పుమాట కూడా అనలేదు. అది నాకు అప్పుడు వింతగా తోచింది. చివరికి ఒక పెద్దావిడ మళ్లీ “ఊరుకోవే” అనేసరికి అమ్మమ్మ కాస్త గట్టిగానే, “ఊరుకోమనకండమ్మా. దాన్ని ఏడవనివ్వండి. ఇంతవరకూ అది ఏడిస్తేగా ఊరుకోమనడానికి” అంది. అది నిజమే. అత్తయ్య అప్పటికింకా ఏడవలేదు. అందరూ ఆమెకు ఊరట చెబుతున్నారు గాని, ఆమె ఎక్కడ ఉందో చూసింది అమ్మమ్మ ఒక్కతే.

ఆ తరవాత ఒక తెల్లవారుజామున కవ్వం చప్పుడు వినపడక నాకు మెలకువ వచ్చింది. లేచి వెళ్లి చూస్తే, అమ్మమ్మ అత్తయ్యను చల్లకుండ ముందు పీట మీద కూర్చోబెట్టి తాడు రెండు కొసలూ ఆమె చేతుల్లో పెడుతోంది. అత్తయ్య లాగింది. చేతుల్లో పట్టు లేక కుండ అటూ ఇటూ ఒరిగి చల్ల చింది నేల మీద పడింది. ఆమె తాడు వదిలేయబోతే అమ్మమ్మ వద్దనలేదు, ఫరవాలేదనీ అనలేదు. కుండను ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, కింది కుదురును లాగి, దులిపి, వదులైన పురిని బిగించి, పీలిక ముడి వేసి, మళ్లీ నేల మీద పెట్టింది. దాని మీద కుండను కూర్చోబెట్టి రెండు చేతులతో కదిపి చూసింది. కుండ కదలలేదు.

“ఇప్పుడు చిలుకమ్మా” అంది.

అత్తయ్య చిలకడం మొదలుపెట్టింది. కొంతసేపటికి తాడు లాగుతూనే ఏడవడం మొదలుపెట్టింది. మొదట చప్పుడు లేకుండా, ఆ తరవాత ఇల్లంతా లేచేలా ఏడ్చింది. అమ్మమ్మ కుండ మెడను పట్టుకుని ఎదురుగా కూర్చుంది. వెన్న పడే చప్పుడు వచ్చింది, అయినా ఆపమనలేదు. ఆ రోజు వెన్న విరిగిపోయింది. మనసు కుదుటపడటం అనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ కుదురే కనిపించడానికి కారణం ఇదే.

*

నేను నర్సు శిక్షణకు హైదరాబాదు వెళ్లాక నా మాటల మూట ఇంకొంచెం పెరిగింది. అక్కడ నాతో చదివిన తెలంగాణ అమ్మాయిలు బెంగను “రంది” అనేవారు. రోగుల వాళ్లు నెమ్మదించిందని చెప్పడానికి “పానం నిమ్మళమైంది” అనేవారు. ఆ నిమ్మళం అనే మాట నాకెంతో నచ్చింది. దాన్ని పలికితేనే గొంతు ఒక మెట్టు దిగుతుంది. దిలాసా, భరోసా కూడా అక్కడే రోజూ వినడం అలవాటైంది. చాలా ఏళ్ల తరవాత, 2014లో, తెలంగాణలో పింఛన్లకు ఆసరా అని పేరు పెట్టినప్పుడు సంతోషించాను. ముసలివాళ్లు ఆ మాటను అడిగి నేర్చుకోనక్కరలేదు, అది ముందునుంచీ వాళ్ల నోట ఉన్నదే.

నా మొదటి రాత్రి డ్యూటీలో ఒక ముసలాయనకు సెలైన్ పెట్టాల్సి వచ్చింది. ఎండి ముడతలు పడ్డ చేతిలో నరం దొరకలేదు. ఒకసారి గుచ్చాను, రెండోసారి గుచ్చాను, నరం పక్కకు జారి చర్మం కింద నల్లగా ఉబ్బింది. నా చేతులు వణుకుతున్నాయి, వార్డులో మిగిలిన రోగులు లేచి చూస్తున్నారు, పెద్ద సిస్టరు రెండో అంతస్తులో ఉంది. అప్పుడు ఆ ముసలాయన తన రెండో చెయ్యి దుప్పట్లోంచి బయటికి తీసి, పిడికిలి బిగించి నా ముందుకు చాపాడు.

“రంది పెట్టుకోకు బిడ్డా. గీ చెయ్యి సూడు, దీంట్ల దొరుకుతది” అన్నాడు.

దొరికింది. సీసాలోంచి బొట్లు పడటం మొదలయ్యాక ఆయన కళ్లు మూసుకుని, “ఇగ నిమ్మళం” అన్నాడు. తనకు నిమ్మళమైందన్నాడో, నాకు చెప్పాడో తెలియదు. ధైర్యం చెప్పడం నర్సు పని అని మాకు తరగతిలో నేర్పారు గాని, నాకు ఉద్యోగంలో మొదటి ధైర్యం చెప్పినవాడు నేను రెండుసార్లు నొప్పి పెట్టిన రోగి. ఆ తరవాత ఎన్ని వేల సూదులు వేసి ఉంటానో, ప్రతిసారీ నరం మీద వేలు పెట్టగానే ఆ పిడికిలి గుర్తుకొచ్చేది.

*

1990 మేలో మళ్లీ పెద్ద తుఫాను వచ్చింది. ఈసారి ముందే హెచ్చరికలు అందాయి. లక్షల మందిని ముందుగానే ఎత్తు ప్రాంతాలకు తరలించడం వల్ల 1977 నాటి చావులు రాలేదు. నేను అప్పటికి మా జిల్లాలోనే పనిచేస్తూ, ఒక బడిలో పెట్టిన సహాయ శిబిరానికి మందుల పెట్టెతో వెళ్లాను. జీపు మైకులో ప్రజలు భయపడవద్దని రెండు రోజులుగా చెబుతూనే ఉన్నారు. మంచి ఉద్దేశంతోనే చెప్పారు, కాని ఉప్పెన చూసిన జనం ఆ మాట వినపడినప్పుడల్లా పిల్లలను ఇంకా దగ్గరికి లాక్కునేవారు. ఆ రాత్రి గాలి కిటికీ తలుపులు పీకేస్తుంటే గదిలో వందమందికి పైగా ఉన్నాం, ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్లలో అమ్మమ్మ, అత్తయ్య, ఆమె ఇద్దరు పిల్లలూ ఉన్నారు. నేను మందుల పెట్టె పక్కన పెట్టి వాళ్ల దగ్గరే కూర్చున్నాను. అత్తయ్య చెయ్యి మంచులా ఉంది. అమ్మమ్మ గొంతు తగ్గించి పది పేర్లూ మొదలుపెట్టింది, ఈసారి పిల్లల కోసం కాదు.

తెల్లవారుతుండగా ఒక ముసలి పల్లెకారు తలుపు కొంచెం తెరిచి, బయటికి చెయ్యి చాపి, చాలాసేపు అలాగే నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, ఎవరినీ ఉద్దేశించకుండా, “గాలి తిరిగింది” అన్నాడు.

రెండే మాటలు. వాటిలో ఓదార్పు లేదు, దేవుడి పేరు లేదు. అయినా గదిలో వందమంది ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఒక పిల్ల ఆకలంది, ఒకాయన చుట్ట వెతుక్కున్నాడు, ఎవరో పొయ్యి రాజేశారు. వాన మెల్లగా తెరిపి ఇచ్చింది. అత్తయ్య నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆమె పట్టపగలు పడుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పత్రికలు రాసే సాంత్వన, ఉపశమనం మంచి మాటలే, నేనూ రాస్తాను. అయితే ఆ తెల్లవారుజామున ఆ గదిలో జరిగినదానికి వాటిలో ఏదీ సరిపోదనిపిస్తుంది. మా వాళ్లు తెరిపిన పడ్డాం అన్నారు. అదే సరైన మాట.

*

అమ్మమ్మ చివరి రోజుల్లో నేను సెలవు పెట్టి ఆమె దగ్గరే ఉన్నాను. నాడి చూస్తే నాకు సంగతి తెలుస్తూనే ఉండేది. ఒక మధ్యాహ్నం ఆయాసం ఎక్కువైనప్పుడు, ఆసుపత్రిలో రోజుకు వందసార్లు అనే అలవాటుకొద్దీ, “ఏం కాదులే అమ్మమ్మా” అన్నాను. ఆమె కళ్లు తెరిచి, “నాకు చెబుతున్నావా, నీకు చెప్పుకుంటున్నావా?” అంది. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే అడిగింది. నేను జవాబు చెప్పలేక ఆమె పాదాలు ఒత్తుతూ కూర్చున్నాను. కాసేపటికి, “అక్కడే కూర్చో, చాలు” అంది. అత్తయ్య చల్ల తెచ్చి చెంచాతో ఆమె పెదవులు తడిపింది.

అత్తయ్య ఆ ఇంట్లో చాలాకాలం చల్ల చిలికింది. పాలప్యాకెట్లు వచ్చి, గేదెలు పోయి, కుండ పగిలాక, కుదురును ఎవరు అటక మీద పెట్టారో మామయ్యకు కూడా గుర్తు లేదు. ఎప్పుడో ఒకసారి, ఆ రోజు నీకు ధైర్యం వచ్చిందా అత్తయ్యా అని అడిగాను. ఆమె ఆలోచించి, “ధైర్యమేం రాలేదే. కుండ కదలడం మానింది. నేను లాగితే అది తిరిగింది. రేపు కూడా లాగాలి కదా అనిపించింది” అంది.

పెద్దకర్మ నాటి సాయంత్రం, భోజనాలై బంధువులు బయలుదేరుతుండగా మబ్బు కమ్మి ఉరిమింది. దీపాలు పోయాయి. ఏడెనిమిదేళ్ల ఆమె మనవరాలు, నాయనమ్మ కోసం మూడు రోజులుగా అన్నం సరిగా తినని పిల్ల, నేను కూర్చున్న నడవలోకి పరుగెత్తుకొచ్చి గోడకు ఆనుకుంది. మోకాళ్లు దగ్గరికి లాక్కుని గబగబా మొదలుపెట్టింది. “అర్జున, ఫల్గుణ, పార్థ, శ్వేతవాహన...” కిరీటిని వదిలేసింది. నేను అందివ్వబోయి ఆగాను. “బీభత్సు, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ” అని, గుండె నిండా ఊపిరి తీసుకుని, పెరటివైపు చూస్తూ, “కిరీటీ” అని ఉరుము సద్దుమణిగేదాకా సాగదీసింది.

“ఎవరు నేర్పారమ్మా?” అని అడిగాను.

“నాయనమ్మ. నువ్వు కూడా చెప్పు అత్తా, మళ్లీ ఉరుముతుంది” అంది.

ఇద్దరం మొదటినుంచి అందుకున్నాం.